ఆ కుక్కకి అన్నం ఎవరు పెడతారు?

పాలకొల్లు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. అక్కడ తెలుగు చెప్పే టీచరుకీ, ఆమె పెదనాన్నకీ మధ్య వేసవి సెలవుల్లో నడిచిన వాదన ఇది. ఆయన కూడా తెలుగు మాస్టారే, రిటైరై చాలాకాలమైంది. బడి లైబ్రరీకి కొత్త పుస్తకాలు కొనాలి, చేతిలో ఉన్న డబ్బు కొంచెం. టీచరు రాసుకున్న జాబితాలో ఇల్లు, స్నేహం, ఎదిగే వయసు ఇబ్బందులు ఉన్న కథలే ఎక్కువ. మాస్టారికి అది నచ్చలేదు. పక్కనే కూర్చున్న నేను ఇద్దరి మాటలూ రాసుకున్నాను. నా మొగ్గు ఎటో మధ్యలో చెబుతాను.

మాస్టారు: ఏంటమ్మడూ ఇది? రాజకుమారుడు లేడు, రాక్షసుడు లేడు, మాట్లాడే చిలక అసలే లేదు. ఎవరి నాన్నో తాగొస్తాడు, ఎవరి స్నేహితుడో ఊరొదిలి వెళ్ళిపోతాడు, ఎవరి అక్క పెళ్ళో ఆగిపోతుంది. ఇవన్నీ పిల్లలు ఇంట్లో చూడట్లేదా? బళ్ళోకొచ్చి కూడా అవే చదవాలా?

టీచరు: చూస్తున్నారు కాబట్టే పెదనాన్నగారూ. చూస్తారు గానీ దాని గురించి మాట్లాడే చోటు లేదు వాళ్ళకి. ఇంట్లో అడిగితే పెద్దవాళ్ళ విషయాలు నీకెందుకంటారు. బళ్ళో మేం పాఠం పూర్తిచేసే తొందరలో ఉంటాం. తోటి పిల్లలకి చెబితే ఊరంతా తెలుస్తుందని భయం. ఒక పుస్తకంలో తనలాంటి పిల్ల కనిపిస్తే, నోరు విప్పకుండానే ఆ పిల్లతో కాసేపు ఉండొచ్చు.

మాస్టారు: ఉండి ఏం చేస్తుంది? ఏడుస్తుంది. నా చిన్నప్పుడు మా ఊరి గ్రంథాలయానికి చందమామ ఒక్క ప్రతి వచ్చేది. అందరి చేతులూ తిరిగి నా దాకా వచ్చేసరికి అట్ట ఊడిపోయి ఉండేది. మా ఇంట్లో అప్పులవాళ్ళు అరుగు మీద కూర్చుని ఉండేవారు. నేను లోపల గదిలో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్ చదువుకుంటూ వేరే రాజ్యంలో ఉండేవాణ్ణి. అప్పుల గురించి కథ ఎవరైనా ఇచ్చి ఉంటే అవతల పారేసేవాణ్ణి. ఇంకో మాట చెబుతాను, విను. 1947 జూలైలో చందమామ మొదలైతే, 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపింది కొడవటిగంటి కుటుంబరావుగారు. పెద్దల కోసం ఆయన ఏం రాశారో నీకు తెలుసు. మధ్యతరగతి ఇళ్ళల్లో డబ్బు, పెళ్ళి, పరువు, ఏదీ వదల్లేదు. అంతటి వాస్తవవాది పిల్లల దగ్గరికొచ్చేసరికి ఎంచుకున్నదేంటి? బేతాళుడు, మంత్రగాళ్ళు, రాజులు. తెలియక చేశారంటావా?

టీచరు: తెలిసే చేశారు, బ్రహ్మాండంగా చేశారు. ఆ పత్రికకి ఒక పద్ధతి పెట్టుకున్నారు, అది నడిచింది. కానీ ఆ కుటుంబరావుగారే ‘చదువు’ నవల కూడా రాశారు కదండీ. సుందరం అనే పిల్లాడు అక్షరాభ్యాసం దగ్గర్నుంచి ఎలా ఎదిగాడో అందులో ఉంది. ఆ మొదటి భాగం మా ఏడో తరగతి పిల్లకిచ్చినా చదువుతుంది. పిల్లలకి ఇంటి కథ పనికిరాదని ఆయన ఎక్కడా తీర్పు చెప్పలేదు, మీరు చెబుతున్నారు.

మాస్టారు: సరే, నేనే చెబుతున్నాను. రాక్షసుడి కథకి ఒక సుగుణం ఉంది. పిల్లకి తల్లి మీద కోపం వస్తుంది, అలా కోపం తెచ్చుకోవడం తప్పని భయమూ వేస్తుంది. కథలో సవతి తల్లి ఉంటే ఆ కోపమంతా ఆవిడ మీదికి పోతుంది. కథ చివర సవతి తల్లికి శిక్ష పడుతుంది, పిల్ల కన్నతల్లి పక్కనే పడుకుని నిద్రపోతుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అదే నీ కథలో నిజం అమ్మే, నిజం కోపమే. పిల్ల దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి?

టీచరు: ఇదే మాట బ్రూనో బెటెల్‌హైమ్ అనే మనస్తత్వవేత్త 1976లో ఒక పుస్తకమంతా రాశాడు. కాదనను. చిన్నపిల్లలకి అది చాలా వరకు నిజం. కానీ మా పిల్లలు పన్నెండు, పదమూడేళ్ళవాళ్ళు. ఆ వయసులో కోపం ఎవరి మీదో వాళ్ళకి తెలుసు. రాక్షసుడు చచ్చాక కూడా తెల్లారి అదే ఇంట్లో లేవాలనీ తెలుసు. రాక్షసుణ్ణి చంపడం ఎలాగో చందమామ చెప్పింది. చంపడానికి వీల్లేని మనిషితో, పైగా తనకి ఇష్టమైన మనిషితో, అదే ఇంట్లో ఎలా ఉండాలో ఏ కథ చెబుతుంది?

మాస్టారు: నువ్వు రాసిన వాటిలో ఏది చెబుతోందో చూపించు మరి. ‘బుడుగు’ పెట్టావు. ముళ్ళపూడి అంటే నాకు ప్రాణం. కానీ ‘బుడుగు’ చదివి నవ్వేది మనం. బుడుగు అమ్మానాన్నలు రాధాగోపాళాలు చాటుగా చెప్పుకునే మాట వాడికి అర్థంకాక తిరగేసి చెబితే, అసలు మాటేంటో మనకి తెలుసు కాబట్టి నవ్వొస్తుంది. ఎనిమిదేళ్ళవాడికి అందులో నవ్వేముంది? వాడికి బుడుగు మామూలుగానే మాట్లాడుతున్నాడు. తర్వాత ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, నామిని ‘పచ్చనాకు సాక్షిగా’. నెల్లూరు యాస, చిత్తూరు యాస, రెండూ ముత్యాల్లాంటివి. కానీ అవి ఎవరు ఎవరికి చెప్పుకున్నవి? పెద్దయిపోయిన మనిషి తన పసితనాన్ని తలుచుకుని తోటి పెద్దలకి చెప్పుకున్నవి. బాల్యం గురించి రాసింది వేరు, బాలల కోసం రాసింది వేరు అమ్మడూ.

ఇక్కడ టీచరు కాసేపు మాట్లాడలేదు. నాకూ ఆ మాట గట్టిగానే తగిలింది. తెలుగులో బాల్యం మీద వచ్చిన మంచి వచనం తక్కువేమీ కాదు. అందులో చాలా భాగం పోయిన ఊరినీ, పోయిన అమ్మనీ తలుచుకునే వచనమే. చదివే పిల్లకి ఆ ఊరు పోలేదు, అమ్మ పోలేదు. తలుచుకోవడానికి ఆమెకింకా ఏమీ లేదు, రేపేం జరుగుతుందన్నదే ఆమె బెంగ.

టీచరు: మీరన్నది నిజం. ఖదీర్‌బాబు కతలు మా పిల్లలకి చదివి వినిపిస్తే నవ్వుతారు, పండగ వంటల దగ్గర వాళ్ళకి నోరూరుతుంది. అది చాలు నాకు, వాటిని జాబితాలోంచి తియ్యను. ముస్లిం ఇల్లు లోపల ఎలా ఉంటుందో మా క్లాసులో సగం మంది ఎప్పుడూ చూడలేదు. కానీ మీరడిగింది వేరు. అలాంటిది ఒకటి చెబుతాను. బెవర్లీ క్లియరీ అని అమెరికా రచయిత్రి. తల్లిదండ్రులు విడిపోయిన పిల్లాడి గురించి రాయమని ఒకరినొకరు ఎరగని ఇద్దరు పిల్లలు ఆవిడకి ఉత్తరాలు రాశారు. అప్పుడు ఆవిడ రాసిన నవల ‘డియర్ మిస్టర్ హెన్షా’. 1983లో వచ్చింది, మరుసటేడు అక్కడి న్యూబెరీ మెడల్ వచ్చింది. కథంతా లీ అనే పిల్లాడు ఒక రచయితకి రాసే ఉత్తరాలూ, వాడి డైరీనే. వెనక్కి తిరిగి చూసే పెద్దమనిషి అందులో ఎక్కడా లేడు. రేపేం జరుగుతుందో వాడికీ తెలియదు, మనకీ తెలియదు.

మాస్టారు: విడాకుల కథ. మన పల్లెటూరి పిల్లలకి.

టీచరు: వినండి ముందు. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. దేశమంతా తిరుగుతూ ఉంటాడు. ఫోన్ చేస్తానంటాడు, చెయ్యడు. పిల్లాడు ఎదురుచూసి ఎదురుచూసి ఒకరోజు తనే చేస్తాడు. ఈ సాయంత్రం నీకు చేద్దామనుకున్నానంటాడు నాన్న. అంతలో ఫోన్‌లో అవతలనుంచి ఇంకో పిల్లాడి గొంతు వినిపిస్తుంది, పిజ్జాకి ఎప్పుడెళ్తున్నాం, అమ్మ అడుగుతోంది అని. అంతే. రచయిత్రి అక్కడ ఒక్క వ్యాఖ్య చెయ్యదు. మా ఊళ్ళ సంగతి మీకు తెలియదా? కొబ్బరి తోటల మధ్య ఈ ఇళ్ళల్లో ఎంతమంది అమ్మలు కువైట్‌కీ, మస్కట్‌కీ, ఖతార్‌కీ ఇంటిపనికి వెళ్ళారు? పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి రెండేళ్ళకోసారి వస్తారు. అక్కడ యజమానురాలు ఫోన్ చేతికిచ్చినప్పుడే వీడియో కాల్. తెర మీద అమ్మ వెనక ఎవరో వేరే పిల్లలు పరుగెడుతూ ఉంటారు. మా అమ్మ పొద్దున్నే స్నానం చేయించేది ఆ పిల్లలకి, అనుకుంటుంది ఇక్కడి పిల్ల. నేను చూసినంతలో దీని మీద పిల్లలు చదువుకునే కథ తెలుగులో నాకు దొరకలేదు. అందుకని ఆ లారీ డ్రైవరు కొడుకు కథే క్లాసులో తెలుగులో చెప్పాను.

మాస్టారు: చెబితే ఏమైంది?

టీచరు: ఫోన్ దగ్గరికొచ్చేసరికి ఒకమ్మాయి తల వంచి డెస్కు మీద పెట్టేసుకుంది. వాళ్ళమ్మ కువైట్‌లో ఉంది.

మాస్టారు: చూశావా! నేను భయపడేది సరిగ్గా దీనికే. క్లాసులో అందరూ ఆ పిల్ల వైపే చూసుంటారు. ఇంతకాలం ఆ పిల్ల తన ఇంటిని గడప లోపల దాచుకుంది. నువ్వు కథ పేరుతో తలుపు తీసి నలుగురికీ చూపించావు. రాజకుమారి కథ చెప్పి ఉంటే ఎవరి వైపు చూసేవారు? ఎవరి వైపూ చూడరు. అందరూ రాజకుమారి వైపే చూస్తారు. కథలో దూరం ఎందుకుంటుందనుకున్నావు? పిల్లల పరువు కాపాడ్డానికి.

ఈ అభ్యంతరం నాకు తేలికగా కొట్టేయదగ్గదిగా అనిపించలేదు. పిల్లలకి మంచి చేస్తున్నామనే ఉత్సాహంలో వాళ్ళ ఇంటి గుట్టు మన చేతిలోకి తీసుకుంటాం. పేదపిల్ల, తల్లిలేని పిల్ల, తాగుబోతు కూతురు అని కథలో రాసిన పేర్లే రేపు ఆటస్థలంలో ఎగతాళికి పనికొస్తాయి. ఇంతవరకూ నేను మాస్టారి వైపే. అయితే టీచరు చెప్పింది ఇంకా అయిపోలేదు.

టీచరు: నాకూ ఆ రాత్రంతా అదే గుబులు. కానీ మర్నాడు ఆ అమ్మాయే స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరికొచ్చి నన్నొక ప్రశ్న అడిగింది. ఆ నవల్లో లీకి ఒక కుక్క ఉంటుంది. విడిపోయినప్పుడు నాన్న దాన్ని లారీలో తీసుకుపోతాడు. మంచులో ఒకచోట ఆగినప్పుడు దాన్ని పోగొట్టుకుంటాడు, తర్వాత అది దొరుకుతుంది. చివర్లో నాన్న దాన్ని కొడుక్కి ఇచ్చేద్దామని తెస్తాడు. కొడుకు వద్దంటాడు. నువ్వు ఒక్కడివే లారీ తోలుతావు, నీకు తోడుండాలి, ఉంచుకో అంటాడు. అమ్మా నాన్నా మళ్ళీ కలవరు. నాన్న వెళ్ళిపోతాడు. ఆ అమ్మాయి అడిగింది: టీచర్, వాళ్ళ నాన్న లారీ దిగి లోడు దించేటప్పుడు ఆ కుక్కకి అన్నం ఎవరు పెడతారు?

మాస్టారు: మంచి ప్రశ్న. పసిపిల్ల అడగాల్సిన ప్రశ్న. చూడు, నీ విడాకులు ఆ పిల్లకి అక్కర్లేదు, కుక్క కావాలి. మన కథల్లో చిలకా, హంసా, గుర్రమూ ఎందుకున్నాయో ఇప్పటికైనా తెలిసిందా?

టీచరు: కుక్క గురించే అడిగిందని మీరనుకుంటున్నారు. దూరంగా ఉన్న మనిషికి అన్నం ఎవరు పెడుతున్నారని అడిగిందని నేననుకుంటున్నాను. వాళ్ళమ్మ అక్కడ ఏం తింటోందో ఆ పిల్లకి తెలియదు. నేరుగా అడిగే ధైర్యం లేదు.

మాస్టారు: అది నువ్వు ఊహించుకున్నది.

టీచరు: కావచ్చు. నేను ఆ పిల్లని తిప్పి అడగలేదు. లారీలో ఒక డబ్బా నిండా తిండి పెట్టుకుంటాడేమోనన్నాను. తలూపి వెళ్ళిపోయింది. మీరన్న గడప ఉంది చూశారూ, దాని లోపలికి నేను వెళ్ళలేదు. ఆ పిల్లే తనకి కావలసినంత బయటికొచ్చి, అడిగి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. రాక్షసుడి కథ చెప్పి ఉంటే బాగా వినేది, హాయిగా ఇంటికెళ్ళేది, ఈ ప్రశ్న మాత్రం అడిగేది కాదు.

మాస్టారు: ఒక పిల్ల అడిగింది. తల వంచుకుని అడగలేకపోయినవాళ్ళు ఎందరో నీకేం తెలుసు? ... సరే, అది పక్కనపెట్టు. నా అసలు బాధ ఇంకొకటుంది. మన దగ్గర పిల్లల కోసం వాస్తవ కథ అని అచ్చయ్యేదంతా ఏంటి? అబద్ధమాడిన పిల్లాడు చివరి పేరాలో ఏడ్చి క్షమాపణ చెబుతాడు. తాతయ్య చెట్టు కింద కూర్చుని ఉపన్యాసం ఇస్తాడు. స్నేహితులు పోట్లాడుకుంటారు, మాస్టారొచ్చి ఐకమత్యం మీద నాలుగు మాటలు చెబుతాడు, చేతులు కలిపేస్తారు. అది కథ కాదు, చొక్కా ప్యాంటూ తొడిగిన నీతిపాఠం. అంతకంటే పంచతంత్రంలో నక్క నయం, కనీసం తెలివిగా మాట్లాడుతుంది.

టీచరు: ఇందులో మీతో నాకు గొడవే లేదు.

మాస్టారు: లేదా? నీ జాబితా చివర అలాంటివి నాలుగున్నాయి.

టీచరు: వాటి గురించి తర్వాత చెబుతాను. పోట్లాడుకున్న స్నేహితులు చేతులు కలపకపోతే ఆ కథ ఎలా ఉంటుందో మీకూ తెలుసు, నాకు ఆ పుస్తకం ఇచ్చింది మీరే. ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’. ఆర్.కె. నారాయణ్ రాసింది, 1935లో వచ్చింది.

మాస్టారు: అది పిల్లల కోసం రాసింది కాదు.

టీచరు: కాకపోవచ్చు, పిల్లలు సొంతం చేసుకున్నారు. శంకర్ నాగ్ ‘మాల్గుడి డేస్’ దూరదర్శన్‌లో వచ్చినప్పుడు మన వీధిలో టీవీ ఉన్న ఒక్క ఇంటి ముందు ఎంతమంది పోగయ్యేవారో మీరే చెబుతుంటారు. స్వామి ఇల్లొదిలి పారిపోతాడు, అడవి దారిలో తప్పిపోతాడు, క్రికెట్ మ్యాచి ఆడలేకపోతాడు. టీమ్ ఓడిపోతుంది. స్నేహితుడు రాజం మాట్లాడ్డం మానేస్తాడు. తర్వాత రాజం వాళ్ళ నాన్నకి బదిలీ. పొద్దున్నే రైలు. ఏదో ఒకటి ఇస్తే రాజం మనసు కరుగుతుందని స్వామి ఆశ. బల్లలో వెతికితే ఒక పుస్తకం దొరుకుతుంది. ఏం పుస్తకమది?

మాస్టారు: ఆండర్సన్ కథలు! యక్షిణి కథలు! నా పాయింటు నువ్వే చెప్పావు. ప్రాణస్నేహితుడికి ఇవ్వడానికి ఆ పిల్లాడు ఎంచుకున్నది మాయలోకం కథలే.

టీచరు: అదెందుకు ఎంచుకున్నాడో కూడా చెప్పండి మరి. వాళ్ళ నాన్న ఎప్పుడో కొనిస్తే, నోరు తిరగని ఇంగ్లీషు మాటలున్నాయని స్వామి దాన్ని పూర్తిగా చదవనే లేదు. తనకి కొరుకుడు పడలేదు, తెలివైన రాజానికైతే పనికొస్తుందనుకుంటాడు. రైలు కదులుతుంటే పుస్తకం పట్టుకుని పరుగెడతాడు, ఇంకో స్నేహితుడు మణి దాన్ని లాక్కుని రాజం చేతికందిస్తాడు. రాజం ఉత్తరం రాస్తాడా అని స్వామి అడుగుతాడు. రాస్తాడంటాడు మణి. అది నిజమో, ఊరికే సముదాయించడమో స్వామికి అంతుపట్టదు. కథ అక్కడితో సరి. ఎవరూ వచ్చి చేతులు కలపలేదు. ఎనిమిదో తరగతిలో స్నేహితురాలు వేరే బడికి మారిపోయినప్పుడు నాకు ఆ ఆఖరి పేజీ చదువుతుంటే, ఇది నాకొక్కదానికే జరగలేదన్న ధైర్యం వచ్చింది. బేతాళ కథ ఏదీ నాకు ఆ ధైర్యం ఇవ్వలేదు. ఇంకొన్ని ఇచ్చాయి, అది ఇవ్వలేదు.

మాస్టారు: నాకు మాత్రం ఆ పేజీ చదివినప్పుడల్లా రచయిత మీద కోపమొస్తుంది. ఒక్క ఉత్తరం వేయించి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

టీచరు: మీ వయసులో కూడా ఆ ఉత్తరం కోసం చూస్తున్నారు కదా, కథ ఇంకా మీలో నడుస్తూనే ఉంది.

మాస్టారు: మాటలు బాగా నేర్చావు. మరి చావు సంగతి? ఈ ‘బ్రిడ్జ్ టు టెరబితియా’. ఇందులో ఒక ఆడపిల్ల చచ్చిపోతుందట కదా. అమెరికాలోనే దీన్ని బళ్ళల్లో ఉంచొద్దని తల్లిదండ్రులు పేచీ పెట్టారని చదివాను. వాళ్ళకే మింగుడుపడనిది మన పిల్లల చేతికా?

టీచరు: అవును, 1990లలో అక్కడ అభ్యంతరాలు ఎక్కువగా వచ్చిన పుస్తకాల్లో అదొకటి. కానీ కేథరిన్ పేటర్సన్ దాన్ని ఎందుకు రాసిందో చూడండి. ఆవిడ కొడుకు ఎనిమిదేళ్ళవాడు. వాడి ప్రాణస్నేహితురాలు పిడుగు పడి చనిపోయింది. ఆ పిల్లాడి దుఃఖం ముందు తల్లికి చెప్పడానికి మాట లేకపోయింది. 1977లో నవలగా వచ్చింది అదే. చావు పిల్లల దగ్గరికి రావడానికి మన అనుమతి అడగలేదు. ఇంకో సంగతి. ఆ కథలో పిల్లలిద్దరూ వాగు దాటి అడవిలో ఒక రాజ్యం కట్టుకుంటారు, రాజూ రాణీ అయిపోతారు. మీ రాజకుమారి అందులోనూ ఉంది. కాకపోతే రాజ్యానికి వెళ్ళే తాడు తెగుతుంది.

మాస్టారు: తెగితే ఇంక ఆ రాజ్యం ఎందుకు?

టీచరు: మిగిలిన పిల్లాడు అక్కడ వంతెన వేసి, తన చిట్టి చెల్లెల్ని తీసుకెళ్తాడు.

నా మొగ్గు చెప్పేస్తాను. నేను టీచరు వైపు. అలాగని మాస్టారి భయాలు పాతకాలపువని కాదు. ఇంటి కథ రాసే ప్రతివాళ్ళూ గోడకి అతికించుకోవలసిన భయాలవి. పిల్లల గడప దాటకూడదు, పెద్దల బెంగని పిల్లల నెత్తిన పెట్టకూడదు, చివర ఉపన్యాసం ఉండకూడదు. ఇవన్నీ పాటిస్తూనే, కువైట్ ఫోన్ కోసం కూర్చున్న పిల్ల గురించి ఎవరో ఒకరు తెలుగులో రాసి తీరాలి. ఆ పిల్లకి పన్నెండేళ్ళున్నప్పుడే రాయాలి, పాతికేళ్ళ తర్వాత ఆవిడే తలుచుకుని రాసుకునేదాకా ఆగకూడదు.

మాస్టారు: ఆ ఉత్తరాల నవల తెలుగులో ఉందా?

టీచరు: నాకు దొరకలేదు. క్లాసులో చెప్పడం కోసం కొన్ని ఉత్తరాలు నోటుబుక్కులో తెలుగు చేసుకున్నాను.

మాస్టారు: ఏదీ, ఇటివ్వు. ... ఏంటిది? ఆరో తరగతి పిల్లాడు ‘నేను తీవ్ర నిరాశకు గురయ్యాను’ అంటాడా? ఏ పిల్లాడంటాడు? నాన్న ఫోన్ చెయ్యకపోతే వాడు అన్నం మానేస్తాడు, లేకపోతే ఎవణ్ణో తంతాడు. నీ వాస్తవం ఇలాగే ఉంటే నా చిలకే నయం. ఈ నోటుబుక్కు నా దగ్గర ఉంచు.

టీచరు: దిద్దుతారా?

మాస్టారు: దిద్దుతాను. నీ మాట ఒప్పుకున్నానని కాదు. ఇప్పుడు రాసుకో. చందమామ పాత సంచికల బైండు కట్టలు అటక మీద ఉన్నాయి, వాటికి బీరువాలో పై అర ఇవ్వాలి. ‘స్వామి’ రెండు కాపీలు కొను, ఒకటి చిరిగిపోతుంది. ఆ తాడు తెగే పుస్తకం ముందు నువ్వు ఇంకోసారి చదివి, అడిగిన పిల్లకే ఇవ్వు, అందరికీ వద్దు. చివర ఉన్న నాలుగు నీతి పుస్తకాలూ కొట్టెయ్.

టీచరు: అవి నేను పెట్టినవి కావండీ. హెడ్‌మాస్టరుగారు పెట్టమన్నారు.

మాస్టారు: ఆయనతో నేను మాట్లాడతాను.